కొమ్ము రింగులు

నేను కొంగలు చేసేవాణ్ణి.
దండాసి వచ్చి మూడు రింగులు అడిగాడు.
"లోపల ఇరవై నాలుగు, మందం ఎనిమిది,
రెండు బోల్టు బెజ్జాలు. రేపటికి కావాలి."

పర్లాకిమిడిలో మా వీధిలో
దున్నపోతు కొమ్ముకి ఇంతవరకూ ఎవరూ
మిల్లీమీటర్లు చెప్పలేదు.

వెళ్ళి చూశాను.
రేకుల షెడ్డులో సుమిత్రా సాహు గారి పాత మారుతి
నోరు తెరుచుకుని ఉంది,
సెరంగో కొండ ఊళ్ళకి సూదులూ మాత్రలూ మోసిన కారు.
దాని సొంత కార్బురేటరు బల్ల మీద
పీకిన పిప్పిపన్నులా.
కొత్తది బరంపురంలో లేదు, శ్రీకాకుళంలో లేదు.
"ఉన్నా, ఆ ధరకి ఇంకో కారొస్తాది."

మూడు సిలిండర్లు.
అందుకని మూడు బుల్లెట్ల కార్బురేటర్లు.
ఒకటి పోలీసు వేలంలో తుక్కు కింద పోయిన బండిది.
ఒకటి పాతపట్నం పాలవాడిది,
క్యాన్లు ఇంకా తిరుగుతున్నాయి, బండే లేదు.
మూడోది ఎవరిదో చెప్పలేదు.
చెప్పనప్పుడు అడక్కూడదని నాకూ తెలుసు.

నీళ్ళ పైపు ముక్కలు అతికి మ్యానిఫోల్డు చేశాడు.
వెల్డింగు గీత జెర్రి పాకినట్టుంది.
ఇంజను వేడి పైకెక్కి
గిన్నెలో పెట్రోలు మరిగిపోతోందట.
మధ్యన చెక్క పెట్టాడు, పగిలింది.
చెప్పు అట్ట పెట్టాడు, తాగేసింది.
"అప్పుడు మీ నాన్న దువ్వెన గుర్తొచ్చింది.
మా అమ్మ తలలో ముప్పై ఏళ్ళు
కాచిన నూనె తాగినా ఒంగలేదు."

"మంట చూపిస్తే ఒంగుతాదిరా,
ఆ ఒంగడమే మా అన్నం."
"మంటెక్కడ? చెయ్యి పెట్టి చూడు" అన్నాడు.
పెట్టాను. కాలింది గానీ, భరించగలిగినంత.

రాత్రి కోశాను.
కొమ్ము మొదట్లో బోలు, చివర గట్టి.
రింగులకి బోలు చోటు చాలు.
కొనవైపు తుంట పారెయ్యబుద్ధి కాలేదు.
కొంగ మెడ వెంట్రుకవాసి తప్పితే
అది ఇంకో కొంగవుతుంది, అంతే.
రింగు తప్పితే
దొంగగాలి దూరుతుంది.
నలభై ఏళ్ళ చేతికి ఆ భయం కొత్త.

బిగించాడు.
కారు పంపు తోపుడికి బైకు సూది ఆగలేదు,
మూడు మూతులా పెట్రోలు పొంగింది.
పంపు పీకేసి
సెలైను స్టాండుకి డబ్బా వేలాడదీసి
సన్నగొట్టం దించాడు.
సుమిత్ర గారు చూసి
"రోగీ కిఏ?" అంది నవ్వకుండా.

స్టార్టయింది.
మంచం మోసే ముగ్గురు
మూడు దారులు పట్టినట్టు ఊగింది.
"ఏది ఎక్కువ పీలుస్తోందో వినాలి.
నా కుడిచెవి సైలెన్సర్లకి పోయింది,
ఎడమది మా ఆవిడకి."

జేబులో ఆ తుంట ఉంది.
కొనకి బెజ్జం కొట్టి చెవిలో పెట్టుకున్నాను.
వెడల్పు వైపు ఒక్కో మూతికీ చూపించాను.
మొదటిది బియ్యం చెరుగుతోంది.
రెండోది పాము.
మూడోది, ఎవరిదో చెప్పనిది,
గోడవైపు తిరిగి పడుకున్న మనిషి.
"దానికి అరచుట్టు" అన్నాను.
"రెండోది దించు. పావు. కాదు, అందులో సగం."
టీ చల్లారింది, ఎవరో తాగేశారు కూడా.
ఎప్పుడో తెలీదు,
మూడూ ఒక్క చాటలో చెరగడం మొదలెట్టాయి.

డబ్బుల సంగతి రేపంటూ
ఆవిడ గుమ్మా రోడ్డెక్కింది.
రెండో ఘాటులోంచి ఫోను:
"ఎక్కుతోంది. కానీ ఏదో
వెంట్రుకలు కాలిన వాసన."
"అది నాదే" అన్నాను.
కొమ్ము మొదటిసారి వేడెక్కినప్పుడు
దానికి పశువు గుర్తొస్తుంది.
"తగ్గుతుందా?"
"రెండు రోజులకి మర్చిపోతుందమ్మా."

అద్దాల బీరువాలో పదకొండు కొంగలు
ఎవరూ కొనక ఒంటికాలి మీదున్నాయి.
తుడుస్తుంటే ప్రతిదానికీ
నా వేళ్ళ పెట్రోలు అంటింది.

దండాసి మళ్ళీ కబురంపాడు.
ఈసారి నాలుగట,
ఎవరిదో అంబాసిడరు.